ఐరోపా మధ్యయుగపు సంతలు, రీఎనాక్ట్‌మెంట్: కత్తి కంటే ముందు సూది

జర్మనీలోని బవేరియాలో చదువుకుంటున్న మీరు మొన్నటి వారాంతంలో ఒక కోట కింద జరిగిన మధ్యయుగపు సంతకు వెళ్లొచ్చానని రాశారు. కవచాలు తొడుక్కున్నవాళ్లు, తోలుతిత్తి వాయిద్యాలు, చేత్తో తిప్పే చెక్క రంగులరాట్నం చూసి మనసు అక్కడే ఉండిపోయిందన్నారు. ఆపైన నాలుగు ప్రశ్నలు అడిగారు. ఇది చరిత్రా, వేషాల సరదానా? చేరాలంటే దారి ఏమిటి, ఎంతవుతుంది? భారతీయుణ్ని కాబట్టి పరాయివాడిలా చూస్తారా? కత్తి ఎప్పుడు చేతికిస్తారు? నేను జర్మనీలోనే పద్నాలుగో శతాబ్దపు పట్టణ జీవితాన్ని చూపించే ఒక చిన్న బృందంలో చాలాకాలంగా ఉన్నాను. బట్టలు కుట్టడం, నిప్పు రాజేయడం, వచ్చినవాళ్లకు వివరించడం అక్కడ నా పని. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

మీరు చూసింది సంత. జర్మన్లు మిట్టెల్‌ఆల్టర్‌మార్క్‌ట్ అంటారు. రీఎనాక్ట్‌మెంట్, అంటే ఒక కాలపు జీవితాన్ని ఆధారాలు చూసి తిరిగి చేసి చూపడం, వేరు. రెండూ ఒకే మైదానంలో జరగవచ్చు, రెండింట్లోనూ కొందరు అవే మనుషులు కనిపించవచ్చు, కానీ ఉద్దేశాలు వేరు. సంత వినోదం. అక్కడ యూరోను టాలర్ అంటారు. అమ్మేవాడు పాతకాలపు ధోరణిలో పలకరిస్తాడు. పక్క దుకాణంలో తేనె మద్యం కొమ్ములో పోసి ఇస్తారు. వైకింగు పక్కనే పదిహేనో శతాబ్దపు సిపాయి నిలబడి ఉంటాడు, వాళ్లిద్దరి మధ్య నుంచి వీపుకు రెక్కలు కట్టుకున్న పిల్ల పరుగెడుతూ పోతుంది. ఆ పాతకాలపు పలుకుబడి ఏ శతాబ్దంలోనూ ఎవరూ మాట్లాడింది కాదు, సంతలు పుట్టాక సంతల కోసమే పుట్టింది. చెవులు దద్దరిల్లేలా మోగిన ఆ తోలుతిత్తి వాయిద్యం కూడా ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో తూర్పు జర్మనీ వాద్యకారులు ఆరుబయటి ప్రదర్శనలకు సరిపడేలా రూపొందించుకున్నదే.

అంతమాత్రాన సంతను చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. కొమ్ముతో దువ్వెనలు కోసేవాళ్లు, కాలితో తొక్కే తరిమెన మీద చెక్క గిన్నెలు చెక్కేవాళ్లు, కంచు పోతపోసేవాళ్లు ఈ రోజు ఐరోపాలో బతుకుతున్నారంటే ఈ సంతల పుణ్యమే. నా నడుము పట్టీ కొక్కెం పోసినవాడు నాకు సంతలోనే పరిచయమయ్యాడు. ఒక మ్యూజియంలోని తవ్వకపు వస్తువు కొలతలు ఇస్తే గీతకు గీత అలాగే పోసి తెచ్చాడు. ఇలాంటి పనివాళ్లు లేకపోతే రీఎనాక్ట్‌మెంట్ ఒక్క ఏడాది కూడా నడవదు.

అసలు మధ్యయుగంలో సంత ఎలా ఉండేదో కూడా తెలుసుకోవడం మంచిది. 12, 13 శతాబ్దాల్లో ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో ట్రోయ్, ప్రోవాన్, లాన్యీ, బార్-సుర్-ఓబ్ అనే నాలుగు ఊళ్లలో ఏడాది పొడవునా ఆరు సంతలు వంతులవారీగా జరిగేవి. ఒక్కొక్కటి వారాల తరబడి సాగేది. ఫ్లాండర్స్ నుంచి ఉన్ని బట్ట వచ్చేది. ఇటలీ వర్తకుల చేతుల మీదుగా పట్టు, మిరియాలు వచ్చేవి. అప్పు పత్రాలు రాసుకునేవారు, పాత బాకీలు అక్కడే తీర్చుకునేవారు. దారిలో వర్తకుడికి హాని జరగదని షాంపేన్ ప్రభువులు అభయమిచ్చేవారు, ఆ అభయం మీదే సంత నిలిచేది. అదే కాలంలో, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం కూడా ఇలాంటి అభయమే. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు, ఇకపై సుంకం తప్ప మరేదీ తీసుకోమని అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. రెండు చోట్లా పాలకుడికి అర్థమైన సంగతి ఒకటే: భయం ఉన్న చోటికి సరుకు రాదు. ప్రోవాన్ 2001లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ ఏటా వేసవిలో మధ్యయుగ ఉత్సవం జరుగుతుంది, ఆ ఊరి పాత సరుకు గోదాములు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఒకసారి తప్పక వెళ్లండి.

ఇక రీఎనాక్ట్‌మెంట్. దీనికి ఒకే ఒక మూల ప్రశ్న ఉంటుంది: మీరు ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడు? "మధ్యయుగపు మనిషిని" అనే జవాబు చెల్లదు. మధ్యయుగం వెయ్యేళ్లు. 1000లో తొడిగిన బట్ట 1350లో ఎవరూ తొడగరు. "1370 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో ఓ మాదిరి కలిగిన చర్మకారుడి ఇంట్లో పనివాణ్ని" అన్నారనుకోండి, అక్కడి నుంచి అన్నీ వాటంతటవే తేలతాయి. చొక్కా పొడవు ఎంత, గుండీ ఉంటుందా, టోపీ ఏ ఆకారం, మొలకు కత్తి ఉండవచ్చా, రొట్టె ఏ ధాన్యంతో చేసింది, ఇవన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. ఆ వాక్యం లేకుండా ఏమీ కొనవద్దని కొత్తగా వచ్చే ప్రతివాళ్లకూ చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను.

ఆ వివరాలు ఎక్కడి నుంచి వస్తాయంటారా? మట్టి నుంచి, బొమ్మల నుంచి, లెక్కల పుస్తకాల నుంచి. 1936లో స్వీడన్‌లో వార్బెర్గ్ ఊరికి దగ్గరలోని ఒక బురదనేలలో పద్నాలుగో శతాబ్దపు మనిషి శవం బయటపడింది. బోక్స్టెన్ మనిషి అంటారు. అతన్ని చంపి, పైకి లేవకుండా కొయ్యమేకులు దిగ్గొట్టి పూడ్చారు. బురద ఎముకలతో పాటు బట్టలనూ కాపాడింది: పైచొక్కా, భుజాల మీద కప్పుకునే అర్ధచంద్రాకారపు వస్త్రం, కాళ్లకు తొడిగే ఉన్ని మేజోళ్లు, వెనక పొడుగాటి తోక ఉన్న తలగుడ్డ. ఒక సామాన్యుడో కాదో తెలియని మనిషి ఒంటి మీది పూర్తి దుస్తులు అలా దొరకడం ఎంత అరుదో చెప్పలేను. గ్రీన్‌లాండ్‌లో హెర్యోల్ఫ్స్‌నెస్ చర్చి ప్రాంగణంలో 1921లో జరిపిన తవ్వకంలోనూ ఇలాగే జరిగింది. పెట్టెలు చేయడానికి కలప కరువైన చోట చనిపోయినవాళ్లను వాళ్ల బట్టల్లోనే చుట్టి పాతిపెట్టారు. గడ్డకట్టిన నేల ఆ బట్టలను శతాబ్దాలు దాచింది. ఈ రోజు ఉత్తర ఐరోపా శిబిరాల్లో మీరు చూసే గౌన్లలో చాలావాటి నమూనా అక్కడిదే.

కవచాల విషయంలో ఆ గౌరవం విస్బీది. 1361 జులై 27న డెన్మార్కు రాజు నాలుగో వాల్డెమార్ సైన్యం ఇప్పటి స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలోని విస్బీ ఊరి గోడల బయట రైతుల దండును ఊచకోత కోసింది. చనిపోయినవాళ్లను కవచాలతో సహా గోతుల్లోకి తోసి పూడ్చేశారు. మామూలుగా గెలిచినవాడు ఇనుమును వదిలిపెట్టడు, కానీ అది నడి వేసవి, శవాల సంఖ్య అపారం. 1905 నుంచి 1928 వరకు విడతలవారీగా తవ్వితే వెయ్యిమందికి పైగా మనుషుల ఎముకలు, వాటితో పాటు గుడ్డకు లోపలి వైపు ఇనుప పలకలు బిగించిన కవచాలు దొరికాయి. ఏ పలక ఎంత వెడల్పు, మేకులు ఎక్కడ, కట్లు వెనకనా పక్కనా అన్నది కొలిచి ప్రచురించారు. ఈ రోజు పద్నాలుగో శతాబ్దపు సిపాయిగా నిలబడేవాళ్లలో చాలామంది ఒంటి మీద ఉన్నది ఆ గోతుల్లోని కవచాలకు నకలే. అదే విస్బీలో 1984 నుంచి ఏటా ఆగస్టులో వారం రోజుల పాటు మధ్యయుగపు వారోత్సవం జరుగుతోంది. నాకు అది ఇష్టమైన ఉత్సవం. చుట్టూ అసలైన పాత ప్రహరీ గోడ. ఆ గోడకు కొద్ది దూరంలోనే ఆ గోతులు. సరదాగా వచ్చినవాళ్లు కూడా అక్కడికి వెళ్లాక కాసేపు మాటాడరు.

మీరు బవేరియాలో ఉన్నారు కాబట్టి లాండ్స్‌హూట్ పెళ్లి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1475 నవంబరులో బవేరియా-లాండ్స్‌హూట్ పాలకుడు లుడ్విగ్ కొడుకు గెయోర్గ్‌కు, పోలండ్ రాజు నాలుగో కాజిమియెర్జ్ కూతురు హెడ్విగ్‌కు అక్కడ పెళ్లయింది. పెళ్లికూతురు క్రాకోవ్ నుంచి రెండు నెలల ప్రయాణం చేసి వచ్చింది. చక్రవర్తి మూడో ఫ్రీడ్రిహ్ స్వయంగా హాజరయ్యాడు. వంటశాల లెక్కలు ఇప్పటికీ చెప్పుకుంటారు: 323 ఎద్దులు, 11,500 పెద్దబాతులు, 40,000 కోళ్లు, 1,94,345 గుడ్లు. ఊరి పురభవనం గోడల మీద ఈ పెళ్లి ఊరేగింపును పంతొమ్మిదో శతాబ్దం చివర చిత్రించారు. ఆ బొమ్మలు చూసి ఉత్సాహపడిన ఊరివాళ్లు 1903లో దాన్ని వీధుల్లో నడిపించారు. ఇప్పుడు నాలుగేళ్లకోసారి వేసవిలో జరుగుతుంది. 2023లో అయింది, తర్వాతిది 2027లో. రెండు వేల మందికి పైగా ఊరివాళ్లు పాల్గొంటారు. అక్కడ సవరాలకు, విగ్గులకు చోటు లేదు. మగవాళ్లు నెలల ముందు నుంచే జుట్టు పెంచుతారు. ఆ ఏడు లాండ్స్‌హూట్ బ్యాంకులో, బేకరీలో భుజాల దాకా జుట్టున్న మగవాళ్లు కనిపిస్తే ఎందుకో ఎవరూ అడగరు. కళ్లద్దాలు, చేతి గడియారాలు కూడా తీసేయాలి. పాల్గొనే అవకాశం ఆ ఊరివాళ్లకే కాబట్టి మీరు వేషం కట్టలేరు, చూడటానికి మాత్రం టికెట్లు ముందే తీసుకోండి. ఇది పూర్తిగా సంతా కాదు, బృందాలు చేసే రీఎనాక్ట్‌మెంటూ కాదు. ఒక ఊరు తన జ్ఞాపకాన్ని తానే మోసే పండుగ.

ఈ అభిరుచి ఎప్పటిదనే విషయం త్వరగా చెప్పేస్తాను. 1839 ఆగస్టులో స్కాట్లండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు మధ్యయుగపు తీరులో అశ్వికుల పోటీ పెట్టించాడు. జనం పోటెత్తారు, కుండపోత వాన కురిసి అంతా బురదపాలైంది. ఆధునిక కాలంలో బ్రిటన్‌లో ఇది సంఘాల రూపు కట్టడానికి దారి వేసినది 1968లో బ్రిగేడియర్ పీటర్ యంగ్ స్థాపించిన సీల్డ్ నాట్, అయితే వాళ్లది మధ్యయుగం కాదు, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల అంతర్యుద్ధం. డెన్మార్కులో ఆర్హుస్ దగ్గర మోస్‌గార్డ్‌లో వైకింగుల కూటమి 1977 నుంచి జరుగుతోంది. పోలండ్‌లో గ్రున్వాల్డ్ మైదానంలో 1410 జులై 15 నాటి యుద్ధాన్ని 1998 నుంచి ఏటా జులైలో అదే నేల మీద నడిపిస్తున్నారు. ఆ యుద్ధంలో ఓడిన ట్యూటన్ల (జర్మన్ మతయోధుల సంఘం) నాయకుడు ఉల్రిహ్ ఫోన్ యుంగింగెన్ కూలిపోయే ఘట్టం వచ్చేసరికి ప్రేక్షకులు ఊపిరి బిగబట్టుకుని చూస్తారు.

చేరడం ఎలా అన్నది మీ అసలు ప్రశ్న. బట్టతో మొదలుపెట్టండి. చాలామంది కత్తితో మొదలుపెట్టాలనుకుంటారు. కత్తి కొనడానికి డబ్బుంటే చాలు, బట్టకు ఓపిక కావాలి, బృందంవాళ్లు చూసేది ఆ ఓపికనే. లోపల అవిసె నార చొక్కా, నార లాగు. పైన ఉన్ని చొక్కా. కాళ్లకు విడివిడిగా తొడిగే ఉన్ని మేజోళ్లు, వాటిని లాగు నడుముకు తాళ్లతో కట్టుకోవాలి. తలకు గూగెల్ అనే ఉన్ని తలగుడ్డ, భుజాలను కూడా కప్పుతుంది. కాళ్లకు లోపలి వైపు నుంచి కుట్టి తిరగేసిన తోలు బూట్లు. వాటికి మడమ ఉండదు, అడుగు నున్నగా ఉంటుంది, తడి గడ్డి మీద జారుతుంది. మొదటి రోజు మెల్లగా నడవండి.

కుట్టు విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో అసలు ఆనందం నాకు అక్కడే దొరికింది. ఆ కాలంలో బట్ట విలువైనది, కాబట్టి ముక్కలన్నీ దీర్ఘచతురస్రాలుగా, త్రికోణాలుగా కోస్తారు, వృథా దాదాపు ఉండదు. ఘేరు కోసం మన దర్జీలు కలీ వేసినట్టే ఇక్కడా పక్కల్లో, ముందూ వెనకా త్రికోణపు ముక్కలు దూరుస్తారు. పక్క కలీ తేలిక. ముందు భాగంలో బట్టను నిలువుగా చీల్చి దూర్చే కలీ కష్టం. దాని కొన దగ్గర బట్ట ముడత పడకుండా రావాలంటే చివరి రెండు అంగుళాలు మిషను మీద కుదరదు, వేళ్లతో సర్దుతూ ఒక్కొక్క కుట్టూ వేయాలి. నార దారానికి తేనెమైనం రాసుకోండి, చిక్కుపడదు, ఉన్నిలో జారకుండా పట్టుకుంటుంది. వెనక్కి వేసి ముందుకు లాగే కుట్టుతో రెండు ముక్కలు కలిపాక, లోపలి అంచులను విడదీసి రెండు వైపులకూ మడిచి మళ్లీ సన్నగా కుట్టేయాలి. తాళ్లు దూర్చే కన్నాలకు ఇత్తడి రింగులు వాడకూడదు. ములుకుతో బట్ట దారాలను తెంపకుండా పక్కకు జరిపి కన్నం చేసి, చుట్టూ కాజా కుట్టినట్టు కుట్టాలి. సందర్శకులు పది అడుగుల నుంచి చూస్తే మిషను కుట్టు కనిపించదని కొందరు వాదిస్తారు. కనిపించదు, నిజమే. కానీ పిల్లలు దగ్గరకొచ్చి చేయి పట్టుకుని చూస్తారు, అప్పుడు కనిపిస్తుంది. లోపలి కుట్లు మిషను మీద, పైకి కనిపించేవి చేత్తో అన్నది చాలా బృందాలు ఒప్పుకునే మధ్యేమార్గం. మొదటి ఏడాదికి అది చాలు.

నమూనాల కోసం పుస్తకాలు కొనే ముందు హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టిన కోడెక్స్ మానెస్సే అనే చర్మపత్రాల పుస్తకంలోని బొమ్మలు చూడండి. పద్నాలుగో శతాబ్దం మొదటి భాగంలో జూరిక్‌లో తయారైన కవితా సంకలనం అది. ప్రభువులే ఎక్కువగా ఉంటారు కాబట్టి పేదవాడి బట్ట అందులో వెతకవద్దు, కానీ గుడ్డ మడతలు, రంగుల జోడింపు చూసి నేర్చుకోవచ్చు. రంగుల మాట వచ్చింది కాబట్టి: మధ్యయుగమంటే మట్టిరంగు, బూడిదరంగు అన్న అభిప్రాయం పూర్తిగా తప్పు. అక్కడ వోడ్ అనే మొక్క ఆకుతో నీలం, మ్యాడర్ వేరుతో ఎరుపు, వెల్డ్ మొక్కతో పసుపు వేసేవారు. వోడ్ ఇచ్చే నీలమూ మన నీలిమందు ఇచ్చే నీలమూ రసాయనికంగా ఒకటే. మ్యాడర్ మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. కలంకారీ చూసి పెరిగిన కంటికి ఈ రంగులు కొత్తగా ఉండవు.

పాలియెస్టర్ మాత్రం వద్దేవద్దు. చరిత్ర సంగతి తర్వాత, శిబిరంలో రోజంతా మంట పక్కన ఉంటాం. నిప్పురవ్వ పడితే ఉన్ని కాస్త మాడి ఆరిపోతుంది. పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

మంట అన్నాను కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లు కత్తి కంటే ముందు నేర్చుకోదగిన పని ఇంకొకటి ఉంది, చెకుముకి. ఇక్కడి శిబిరాల్లో జనం గుంపుగా పోగయ్యేది యుద్ధం దగ్గర, ఆ తర్వాత దీని దగ్గరే. వంపు తిరిగిన ఉక్కు ముక్క ఒక చేతిలో, చెకుముకిరాయి ఇంకో చేతిలో. రాయి అంచు మీద, రవ్వ పడే చోట, ముందే డబ్బాలో పెట్టి గాలి తగలకుండా మాడ్చిన నల్లటి నార గుడ్డ ముక్క. ఉక్కుతో రాయి అంచును గీరుతూ కొడితే రవ్వ రేగుతుంది. నిజానికి వెలిగేది రాయి కాదు, రాయి చెక్కేసిన ఉక్కు తునక. అది గుడ్డ మీద పడగానే ఒక ఎర్ర చుక్క పుట్టి అంచుల వైపు పాకుతుంది. దాన్ని ఎండు గడ్డి గూడులో పెట్టి, అరచేతుల మధ్య ఎత్తి పట్టుకుని, సన్నగా, తెంపకుండా ఊదాలి. తెల్లటి పొగ పసుపుపచ్చగా చిక్కబడిందంటే మంట వచ్చేస్తుంది, ముఖం వెనక్కి తీసుకోండి. వానాకాలపు గాలిలో కూడా ఇది చేయగలిగారంటే బృందంలో మీ చోటు ఖాయం.

ఖర్చు. నేను చూసే ధరల్లో మంచి ఉన్ని మీటరు 30 నుంచి 50 యూరోలు, నార బట్ట 12 నుంచి 20, బూట్లు 90 నుంచి 150. మీరే కుట్టుకుంటే తల నుంచి కాలి దాకా 300 నుంచి 400 యూరోల్లో అయిపోతుంది. ఇంకొకరితో చేత్తో కుట్టిస్తే అది రెండింతలు, మూడింతలు అవుతుంది, ఆ శ్రమకు ఆ ధర న్యాయమే. విద్యార్థులు గుడారం కొనవద్దు, బృందం గుడారంలో చోటు దొరుకుతుంది. చెక్క చెంచా, మట్టి గిన్నె, చిన్న కత్తి సంతలో కొనండి. సిపాయి సరంజామాకు వెళ్తే 1,500 యూరోలు దాటకుండా ఆగదు.

ఆ సరంజామా దగ్గరే మన దేశం సంగతి వస్తుంది. ఐరోపా శిబిరాల్లో మధ్యతరగతి ధరలో దొరికే శిరస్త్రాణాలు, ఇనుప వలయాలు అల్లిన కవచాల్లో ఎక్కువ భాగం భారతదేశంలో తయారైనవే. డెహ్రాడూన్, మేరఠ్ వంటి చోట్ల ఈ పని పెద్ద ఎత్తున జరుగుతోంది. వలయాల కవచం కొనేటప్పుడు చూడవలసింది ఒకటే: ప్రతి వలయం చివరలూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి మేకు కొట్టి ఉండాలి. ఊరికే వంచి కలిపినవి ఒకటి రెండు దెబ్బలకు విచ్చుకుంటాయి, చరిత్రకూ నిలవవు. పదికిలోలకు పైగా ఉండే ఆ కవచంలో వేలాది మేకులను ఎవరి వేళ్లో ఒక్కొక్కటిగా కొట్టాయి. నా పక్క గుడారం జర్మన్ మిత్రుడు తన కవచం విప్పి నా చేతికిచ్చినప్పుడల్లా నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి, వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పకుండా ఉండను.

భారతీయుణ్ని రానిస్తారా అంటే, మంచి బృందంలో మీ ముఖం మీద ఎవరికీ పట్టింపు ఉండదు, మీ చొక్కా మెడ మీద ఉంటుంది. "మరి నేను కాకతీయ వర్తకుడిగా రావచ్చా?" అని కూడా అడిగారు. మోటుపల్లి రేవు నిజం, మార్కో పోలో ఆ రాజ్యపు సన్నని బట్టను సాలెగూడుతో పోల్చి పొగడటం నిజం. కానీ పదమూడో శతాబ్దంలో తెలుగు వర్తకుడు బవేరియాలో దుకాణం పెట్టాడనడానికి ఆధారం లేదు. ఆధారం లేనిది చూపకూడదన్నదే ఈ పనికి ప్రాణం. దాని బదులు ఒక సుగంధద్రవ్యాల బల్ల పెట్టండి. మిరియాలు, అల్లం, దాల్చినచెక్క, లవంగం ఎక్కడ పుట్టి, ఎన్ని చేతులు మారి, న్యూరెంబర్గ్ చేరేవో చెప్పండి. మీకంటే బాగా చెప్పగలవాళ్లు ఆ మైదానంలో ఉండరు. మిరపకాయ, టొమాటో, బంగాళాదుంప బల్ల మీద పెట్టకండి. అవి 1492 తర్వాతే ఐరోపాకు వచ్చాయి, మన వంటింట్లోకి ఇంకా తర్వాత. "మీ దేశపు కూరలో అప్పుడు కారం ఎక్కడిది?" అని అడుగుతారు, మిరియాలదని చెబితే నోరు తెరుస్తారు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. వైకింగు, ప్రాచీన జర్మానిక్ కాలాలు చూపించే కొన్ని గుంపుల్లో తీవ్ర మితవాదులు చొరబడటం జర్మనీలో ఎరిగిన సమస్యే. చేరే ముందు వాళ్ల ఫొటోలు, పచ్చబొట్లు, జెండాలు చూడండి. అనుమానమొస్తే అక్కడికి వెళ్లకండి, మంచి బృందాలకు కొరత లేదు. స్వస్తిక విషయంలో మరింత జాగ్రత్త. మన గుమ్మాల మీద అది శుభచిహ్నం, వెయ్యేళ్ల నాటి ఉత్తర ఐరోపా ఆభరణాల మీదా కొన్ని చోట్ల కనిపిస్తుంది. అయినా ఇక్కడి శిక్షాస్మృతి 86ఎ నాజీ చిహ్నాల ప్రదర్శనను నిషేధిస్తుంది. చట్టం ఒక్కటే కాదు, ఆ గుర్తు చూసి గుండె ఆగేవాళ్లు ఆ మైదానంలోనే ఉండవచ్చు. బట్ట మీద, పెట్టె మీద, ఎక్కడా వేయకండి.

చివరికి కత్తి. బృందాల్లో వాడేవి మొద్దు అంచు, గుండ్రటి మొన ఉన్న ఉక్కు కత్తులు. ఒంటిచేతి కత్తి కిలోకు కాస్త పైన ఉంటుంది. అది పదికిలోల బరువుంటుందని అనుకునేవాళ్లకు చేతికిచ్చి చూపిస్తాం. శీతాకాలమంతా సాధన చేయించి, ఎక్కడ కొట్టవచ్చు, ఎక్కడ కొట్టకూడదు, దెబ్బను చివరి క్షణంలో ఎలా ఆపాలి అన్నది పరీక్షించాకే ప్రేక్షకుల ముందుకు పంపుతారు. ముఖం మీదికి పొడవడం ఎక్కడా ఒప్పుకోరు. నిజంగా బలం కొద్దీ కొట్టుకునే బూహూర్ట్ అనే క్రీడ వేరే ఉంది. పూర్తి కవచాల్లో జట్లుగా తలపడతారు, ఎముకలు విరుగుతాయి. పాత కత్తిసాము గ్రంథాలు చదివి సాధన చేసే వ్యాయామశాలలు మూడో దారి. మీ ఊళ్లో తప్పకుండా ఒకటి ఉంటుంది. కత్తి మీద నిజమైన ఆసక్తి ఉంటే ముందు అక్కడ చేరండి, అక్కడ బట్టలు కూడా అక్కర్లేదు. రైల్లో తీసుకెళ్లేటప్పుడు కత్తిని తాళం వేసిన సంచిలో పెట్టండి. 2024 అక్టోబరు చివర ఆయుధాల చట్టం బిగించి బహిరంగ ఉత్సవాల్లో కత్తులు తేవడాన్ని నిషేధించారు. ప్రదర్శకులకు ఏ మినహాయింపు వర్తిస్తుందో మీ బృంద నాయకుణ్ని అడిగి కానీ మొలకు చిన్న చాకు కూడా పెట్టుకోవద్దు.

చేతిపని మీద మనసుంటే ఇంకో మార్గం. ఫ్రాన్సులో బర్గండీ అడవిలో గెదలోన్ అనే చోట 1997 నుంచి పదమూడో శతాబ్దపు పద్ధతుల్లో ఒక కోట కడుతున్నారు, రాయి అక్కడిదే, కలప అక్కడిదే. అక్కడ గొడ్డలితో దూలాలు చెక్కడం నేర్చినవాళ్లు పారిస్ నోత్ర్ దామ్ చర్చి పైకప్పును తిరిగి నిలబెట్టే పనిలోనూ పాలుపంచుకున్నారు. జర్మనీలో మెస్‌కిర్ష్ దగ్గర కాంపుస్ గల్లీ 2013లో మొదలైంది. తొమ్మిదో శతాబ్దంలో గీసిన ఒక మఠం నక్షాను చూసి కడుతున్నారు. రెండు చోట్లా స్వచ్ఛంద సేవకులను కొద్ది రోజులకు తీసుకుంటారు. సెలవుల్లో వెళ్లండి. సున్నం కలిపిన చేతులతో తిరిగొచ్చాక ఏ కోట గోడనూ మునుపటిలా చూడలేరు.

బృందాన్ని వెతకడానికి సరైన సమయం సంతల కాలం కాదు, ఆ తర్వాత. నవంబరు నుంచి మార్చి దాకా శిబిరాలు ఉండవు. అందరూ ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని కుడుతుంటారు, చినిగినవి బాగుచేస్తుంటారు. కొత్తవాళ్లకు నేర్పే తీరిక అప్పుడే ఉంటుంది. సంతలో నచ్చిన గుడారం ముందు నిలబడి బృందం పేరు అడిగి పెట్టుకోండి, శరత్కాలంలో ఈమెయిల్ రాయండి. ఏ కాలం మీద ఆసక్తి, చేత్తో ఏ పని చేయగలరు, నెలలో ఎన్ని వారాంతాలు రాగలరు, ఈ మూడూ రాస్తే చాలు. మీ జర్మన్ తడబడినా పర్వాలేదు, మంట చుట్టూ కూర్చుంటే భాష త్వరగానే వస్తుంది. జవాబు రాగానే మీ కొలతలు ఇక్కడ పెట్టండి: భుజాల వెడల్పు, ఛాతీ, మెడ నుంచి మోకాలి దాకా పొడవు. ఎంత బట్ట కొనాలో, ఎలా కోయాలో లెక్క వేసి చెబుతాను.